మడ మొక్కను దత్తత తీసుకున్న ఏడాదికి

గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట మడ (మాంగ్రోవ్) మొక్కలు నాటి, దాతల పేరు మీద పెంచుతామని చెప్పే ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గర నేను పోయిన ఏడాది కార్తీక మాసంలో అయిదు మొక్కలను దత్తత తీసుకున్నాను. మొక్కకు మూడు వందల చొప్పున పదిహేను వందల రూపాయలు, స్వయంగా వెళ్లి నాటే రోజుకు మనిషికి మరో పన్నెండు వందలు చెల్లించాను. ఏడాది గడిచాక అదే చోటికి మళ్లీ వెళ్లి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే సేవను ఇదే పద్ధతిలో అందించే సంస్థలు ఇంకా ఉన్నాయి, నేను చెప్పబోయే లోపం వాటిలో చాలా వాటికి వర్తించవచ్చు. చదివేవారికి సంస్థ పేరు కన్నా పద్ధతిని గుర్తుపట్టడమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

సేవలో బాగున్నవాటిని ముందు చెప్పడం న్యాయం. డబ్బు చెల్లించిన పది నిమిషాలకే ఆదాయపు పన్ను మినహాయింపుకు చూపే 80జి రసీదు వచ్చింది. కాకినాడలో ఉదయం ఆరు గంటలకు బయలుదేరుతుందన్న బస్సు ఆరు గంటలకే బయలుదేరింది, మన వైపు విహారయాత్రల సంగతి తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. పడవ ఎక్కే ముందు అందరికీ లైఫ్ జాకెట్లు కట్టించారు, పిల్లలకు సరిపడే కొలతలవి విడిగా తెచ్చారు. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పొట్లాలు ఆకుల్లోనే ఇచ్చారు. మొక్కల చుట్టూ ఉన్న నల్ల ప్లాస్టిక్ సంచులను లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకున్నారు. మాతో వచ్చిన కార్యకర్త తెల్లమడకూ నల్లమడకూ తేడా ఏమిటో, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదమో, ఉప్పు పొన్న అనే మడ జాతి కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలా ఎందుకు వేలాడుతుందో చాలా ఓపికగా వివరించింది. మా బృందంలోని బడి పిల్లలు ఆ రోజు నేర్చుకున్నది ఏ పాఠ్యపుస్తకమూ నేర్పలేదు. ఆ ఒక్క రోజును విడిగా తీసుకుంటే అయిదుకు నాలుగు చుక్కలు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

చిక్కు నాటిన చోటుతో మొదలైంది. నీరు బాగా తీసి ఉన్న వేళ మమ్మల్ని ఒక ఏటిమొగ దగ్గరి బురద మైదానానికి తీసుకువెళ్లారు. చుట్టూ ఎక్కడా మడ చెట్టు లేదు, మోకాలి లోతు మెత్తటి బురద, దాని మీద ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా పురుగులు ఏరుకుంటున్నాయి. అక్కడ తాళ్లు కట్టి, రెండేసి అడుగుల దూరంలో, ఉప్పు పొన్న మొక్కలను మాత్రమే వరుసలుగా గుచ్చించారు. వరి నాట్లలాగా తీరుగా ఉన్న ఆ వరుసలు ఫొటోల్లో చాలా అందంగా వచ్చాయి. మేము పడవ ఎక్కే వేళకు పోటు మొదలై, మొక్కలు సగం వరకు మునిగిపోయాయి. ఇక్కడ ఇంతకు ముందు అడవి ఉండేదా అని నేను అడిగినప్పుడు, ఖాళీగా ఉన్న తీరాన్ని పచ్చగా చేయడమే తమ లక్ష్యమని కార్యకర్త జవాబు చెప్పింది. ఆ జవాబులో ఏదో లోటు ఉందని అప్పుడు అనిపించింది గాని, ఏమిటో నాకు తెలియలేదు.

తర్వాతి సేవ గురించి చెప్పాల్సింది తక్కువ. నా పేరూ మొక్కల సంఖ్యలూ ఉన్న ప్రశంసాపత్రం వారం లోపలే వచ్చింది. మూడు నెలలకోసారి నివేదిక పంపుతామన్నారు, ఏడాదిలో వచ్చినవి రెండు. రెండింటిలోనూ అప్పటి దాకా నాటిన మొత్తం మొక్కల సంఖ్య పెద్ద అక్షరాలలో ఉంది, వాటిలో ఎన్ని బతికి ఉన్నాయన్న సంఖ్య ఎక్కడా లేదు. రెండో నివేదికతో పంపిన ఛాయాచిత్రంలో ఛాతీ ఎత్తు చెట్లు కనిపించాయి. ఆరు నెలల క్రితం జానెడు ఉన్న మొక్క అంత పెరగదని మాకు ఆ కార్యకర్తే చెప్పి ఉంది.

ఈ ఏడాది కార్తీకంలో, సంస్థతో సంబంధం లేకుండా, అదే ఊరి మత్స్యకారుడి పడవ మాట్లాడుకుని అక్కడికి వెళ్లాను. ఫోన్‌లో దాచుకున్న స్థల సూచిక ప్రకారం చోటు అదే. వరుసలు కట్టిన వెదురు గూటాలు కొన్ని మిగిలి ఉన్నాయి. మా బృందం నాటిన మొక్కల్లో నిటారుగా నిలబడి ఉన్నవాటిని రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటికీ కాండం నిండా గుల్లలు పట్టి ఆకులు రాలిపోయాయి. నా అయిదింటిలో ఒక్కటీ లేదు. పడవ నడిపిన పెద్దాయన ఆశ్చర్యపోలేదు. “అక్కడ ఒండ్రు నిలవదండి, ప్రతి వరదకీ కదులుద్ది. మా తాతల నాటి నుంచీ అక్కడ మొక్క నిలబడ్డం మేం చూళ్లేదండి. నాటేముందు ఒక్కమాట అడిగితే చెప్పేవోళ్లం కదండీ” అన్నాడు. ఎవరైనా అడిగారా అని నేను అన్నాను. “పడవలు అడిగారండి” అన్నాడు.

ఆ పెద్దాయన చెప్పింది శాస్త్రం చెప్పేదే. మడ చెట్టు ఉప్పు నీటిని తట్టుకుంటుందే గాని నీటిలో బతికే మొక్క కాదు. సముద్రపు సగటు మట్టానికి కాస్త పైన మొదలై, అమావాస్య, పౌర్ణమి పోట్లు అందుకునే ఎత్తు దాకా ఉండే సన్నటి పట్టీలోనే అది పెరుగుతుంది. రోజులో ఎక్కువ భాగం గాలి తగిలితే తప్ప దాని వేళ్లు ఊపిరి పీల్చుకోలేవు. కాకినాడ తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా పెద్ద పోట్ల నాడు కూడా మీటరున్నరకు అటూ ఇటూ మాత్రమే కాబట్టి, నేల ఎత్తులో జానెడు తేడా వచ్చినా మొక్క బతకాలో చావాలో తేలిపోతుంది. మమ్మల్ని తీసుకువెళ్లిన బురద మైదానం ఆ పట్టీకి కింద ఉంది. అక్కడ అడవి లేకపోవడానికి ఎవరూ నరకకపోయినా కారణం ఉంది. పైగా అది ఖాళీ చోటు కూడా కాదు, వలస పక్షులకు అది మేత భూమి. ఒకవేళ మా మొక్కలు బతికి ఉంటే, ఒక ఆవాసాన్ని పునరుద్ధరించామన్న పేరుతో మరొక ఆవాసాన్ని చెడగొట్టినవాళ్లం అయ్యేవాళ్లం.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన పడవను ఒక చిన్న కాలువ వైపు మళ్లించి, ఇరవై ఏళ్ల పైచిలుకు క్రితం తమ ఊరివాళ్లు తవ్విన చోటు చూపిస్తానన్నాడు. నేను మొత్తం ప్రయాణంలో చూసిన వాటిలో విలువైనది అదే. సహజమైన కాలువ నుంచి ఒక తవ్వుడు కాలువ లోపలికి వెళుతుంది, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు చీలుతాయి. వాటి గట్లు ఇప్పుడు తెల్లమడ చెట్ల కింద దాదాపు కలిసిపోయాయి గాని, పోటు నీరు మాత్రం ఆ దారులనే గుర్తుపట్టి లోపలికి పాకుతోంది. కాలువల మధ్య ఎవరూ నాటని చోట కూడా మొలకలు ఒత్తుగా ఉన్నాయి. ఊపిరి వేళ్ల సందుల్లో మండపీతల బొరియలు కనిపించాయి. అంతకు ముందు నేలంతా అక్కడక్కడ ఇలకూర అనే ఉప్పునేల మొక్క తప్ప మరేమీ లేని ఉప్పు పర్రగా ఉండేదని పెద్దాయన చెప్పాడు.

ఇంటికి వచ్చాక ఆ పద్ధతి గురించి చదివాను. ఎం.ఎస్. స్వామినాథన్ 1988లో చెన్నైలో స్థాపించిన పరిశోధనా సంస్థ, తమిళనాడులోని పిచ్చావరంలో 1990ల మొదట్లో చేసిన ప్రయోగాల నుంచి ఈ పద్ధతిని రూపొందించింది. 1996 నుంచి 2003 వరకు భారత–కెనడా పర్యావరణ నిధి సాయంతో దాన్ని తమిళనాడుతో పాటు గోదావరి, కృష్ణా డెల్టాలకూ ఒడిశాకూ విస్తరించి, మూడు రాష్ట్రాలలో కలిపి వెయ్యి హెక్టార్లకు పైగా పాడైన మడ భూమిని అడవిగా మార్చింది. అటవీ శాఖ, గ్రామస్తుల కమిటీలు, సంస్థ కలిసి పని చేసే ఈ ఏర్పాటుకు ఉమ్మడి మడ అడవుల నిర్వహణ అని పేరు పెట్టారు. తవ్విన కాలువలు పై నుంచి చూస్తే మధ్య ముల్లూ పక్క ముళ్లూ ఉన్న చేప అస్థిపంజరంలా కనిపిస్తాయి కాబట్టి, వాటిని చేపముల్లు కాలువలు అంటున్నారు.

పద్ధతి వెనుక ఉన్న పరిశీలన ఇది. బ్రిటిషు కాలం నుంచి దశాబ్దాల పాటు వంటచెరకు కోసం అడవిని వంతుల వారీగా పూర్తిగా నరికేవారు. నీడ పోయిన బురద ఎండకు నీరంతా కోల్పోయి కుంగుతుంది, మధ్యలో పల్లం పడి పళ్లెంలా తయారవుతుంది. పెద్ద పోటుకు ఆ పళ్లెంలోకి వచ్చిన నీరు తిరిగి బయటికి పోలేక అక్కడే నిలిచి ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఆవిరి. కొన్నేళ్లకు నేలలోని ఉప్పు సముద్రపు నీటి ఉప్పును ఎంతో మించిపోతుంది, అప్పుడు తెల్లమడ విత్తనం కూడా మొలవదు. చెట్లు లేకపోవడానికి పశువులూ ఊరివాళ్లూ కారణమని అధికారులు అనుకుంటున్న రోజుల్లో, అసలు కారణం నీరు బయటికి పోయే దారి లేకపోవడమని గుర్తించడమే ఈ పరిశోధనా సంస్థ చేసిన పెద్ద పని. పశువులు మేయడం, రొయ్యల చెరువుల గట్లు చిన్న కాలువల నోళ్లు మూసేయడం కూడా లెక్కలోకి రావాలి గాని, అవి ఊరికొక తీరుగా ఉంటాయి.

గోదావరి కాలువల కింద పుట్టినవాళ్లకు ఇందులో కొత్త సంగతి ఏమీ లేదు. చేను చవుడు బారితే మనం ముందు విత్తనం రకం మార్చం, మురుగు బోదె తవ్వుతాం. ఇక్కడా అంతే. నేల మట్టాలు కొలిచి, నీరు ఎటు రావాలో ఎటు పోవాలో చూసుకుని, పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండేటట్టు కాలువలు తవ్వుతారు. ఒక వానాకాలం పాటు వాననీరూ పోటు నీరూ నేలలోని ఉప్పును కడిగేదాకా ఆగుతారు. ఆ తర్వాత కాలువ వాలు మీద, మొక్క రోజూ తడుస్తుంది గాని మునిగి ఉండదు అన్నంత ఎత్తులో నాటుతారు. తవ్వకపు కూలి ఊరివాళ్లకే దక్కుతుంది, మొదటి కొన్నేళ్లు పూడిక తీసే బాధ్యతా వాళ్లదే. మేము నాటిన వరుసల్లో ఈ పనుల్లో ఒక్కటీ జరగలేదు. మాకు ఇచ్చింది పని పూర్తయిన తర్వాత చేయాల్సిన చివరి ముక్క మాత్రమే.

ఈ పద్ధతిలో లోపాలు లేవని నేను అనడం లేదు. సహజమైన కాలువ వంకర్లు తిరుగుతుంది, లోతూ వెడల్పూ మారుతూ పోతుంది, తిన్నగా గీత గీసినట్టు తవ్విన కాలువ త్వరగా పూడుతుంది. నేను చూసిన చోటులో దాదాపు అంతా తెల్లమడే. గుగ్గిలం, పొన్న వంటి వేరే మడ చెట్లు అంచుల్లో ఒకటీ అరా తప్ప కనిపించలేదు. అడవి తిరిగి వచ్చిందనడం కంటే అడవి తిరిగి రావడానికి వీలు ఏర్పడిందనడం సరిగ్గా ఉంటుంది. నిధులు ఆగిపోయాక పూడిక ఎవరు తీయాలన్న ప్రశ్న కూడా ఉంది. పెద్దాయన లెక్కలో చాలా ఏళ్లుగా ఎవరూ పార పట్టలేదు, చెట్లు అప్పటికే నిలదొక్కుకున్నాయి కాబట్టి సరిపోయింది.

మా అనుభవం ఒక్క గోదావరికే పరిమితం కాదు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు భారీ ఖర్చుతో జరిగిన మడ నాట్లను పరిశీలించి ప్రిమవేరా, ఎస్టెబన్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన సమీక్షలో, దీర్ఘకాలంలో బతికినవి సాధారణంగా 10 నుంచి 20 శాతమేనని తేలింది. పొన్న జాతి మొక్కలు సులువుగా దొరుకుతాయి కాబట్టి వాటినే ఎంచుకుని, మరొకరి హక్కులు లేని బురద మైదానాల్లో నాటడమే అందుకు ముఖ్య కారణం. అక్షరాలా మా కథే. అమెరికాలోని ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అనే శాస్త్రవేత్త దీనికి ఎదురుగా నడిచి, నేల మట్టాన్నీ నీటి రాకపోకలనూ సరిచేస్తే విత్తనాలు వాటంతట అవే వస్తాయని, రాకపోతేనే నాటాలని వాదించాడు. 1992లో మొదలైన మాంగ్రోవ్ యాక్షన్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ పద్ధతినే తీర గ్రామాలవారికి నేర్పుతూ వస్తోంది. అలాంటి సంస్థ దాతకు చెప్పగలిగే మొక్కల సంఖ్య సున్నా కావచ్చు. మొక్కకు మూడు వందలు అన్న ధరల పట్టికలో ఆ పనికి చోటు ఉండదు, మన చందాల తీరే సంస్థలను తప్పుడు పని వైపు నెడుతోందని నాకు అనిపించేది ఇక్కడే. ఆ లెక్కన నేనూ ఈ తప్పులో భాగస్వామినే.

మొక్కను కాకుండా మరో కొలతను అమ్మడం సాధ్యమేనని చూపించే ఉదాహరణ కెన్యాలో ఉంది. గాజీ అఖాతం దగ్గర రెండు గ్రామాలవారు 2013 నుంచి నడుపుతున్న మికోకో పమోజా పథకం 117 హెక్టార్ల మడ అడవిని కాపాడుతూ, అది ఏటా పట్టి ఉంచే సుమారు 3,000 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్కను బయటి తనిఖీతో నిరూపించి అమ్ముతుంది. వచ్చిన డబ్బుతో తాగునీరు, బడి వంటి ఏ పనులు చేశారో ఏటా ప్రకటిస్తుంది. కొనేవాడికి ప్రశంసాపత్రం కన్నా ఆ వార్షిక నివేదికే ఎక్కువ చెబుతుంది.

నేను చూసింది వివరిస్తూ సంస్థకు ఉత్తరం రాశాను. ఆ చోటు ఎంపికకు ముందు నేల మట్టం కొలిచారా, ఊరి మత్స్యకారులను సంప్రదించారా, ఏడాది తర్వాత బతికినవి ఎన్ని, చనిపోయిన వాటికి కారణం ఏమిటి, నా పదిహేను వందల్లో ఊరివాళ్ల కూలికి ఎంత వెళ్లింది అని అడిగాను. పది రోజులకు మర్యాదైన జవాబు వచ్చింది. ప్రకృతి వైపరీత్యాల వల్ల కొంత నష్టం సహజమని, నా అయిదు మొక్కలను ఉచితంగా మళ్లీ నాటిస్తామని రాశారు. ఎక్కడ నాటిస్తారని తిరిగి రాశాను. అదే చోట అన్నారు. వద్దని చెప్పాను. కొలతల గురించి, కూలి గురించి అడిగిన వాటికి ఇప్పటికీ జవాబు రాలేదు.

ఈ సేవకు గిరాకీ ఇంకా పెరుగుతుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. కేంద్రం 2023 బడ్జెట్‌లో మిష్టి పేరుతో మడ అడవుల పథకం ప్రకటించింది, కంపెనీల సామాజిక బాధ్యత నిధులూ ఇటువైపు వస్తున్నాయి. 2021 అటవీ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క ఇంత ఖర్చుతో కొత్తవి నాటుతూనే, మరో పక్క కాకినాడ దుమ్ములపేటలో 2020లో ఇళ్ల స్థలాల కోసం ఉన్న మడ చెట్లను కొట్టి భూమిని మెరక చేయడం, ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లడం మనం చూశాం. పేదవారికి స్థలం ఇవ్వడంలో తప్పు లేదు. పోటు నీరు వచ్చే చోటును ఎంచుకోవడంలో ఉంది. నిలబడి ఉన్న చెట్టును కాపాడేందుకు దావా వేసే చిన్న సంఘాలకు ఎవరూ మొక్కకు ఇంత అని చందా ఇవ్వరు. నిజానికి ఒక హెక్టారుకు అతి చౌకగా ఫలితం వచ్చే పని అదే అని నా అభిప్రాయం.

విహారయాత్రగా ఈ సేవకు అయిదులో నాలుగు, పునరుద్ధరణ సేవగా అయిదులో ఒకటి ఇస్తున్నాను. ఆ ఒకటి కూడా ప్లాస్టిక్ సంచులు వెనక్కి తెచ్చినందుకు. మడ అడవిని పిల్లలకు చూపించాలన్నదే మీ ఉద్దేశం అయితే, కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యంలో చెక్కల నడకదారి ఉంది, టికెట్ కొనుక్కుని చెట్ల మధ్య నడిచి రావచ్చు, బురదలో దిగనవసరం లేదు. వెళ్లే ముందు ఆ రోజు పోటు వేళలు కనుక్కోండి. నిండు పోటులో వెళితే ఊపిరి వేళ్లు నీటి కింద ఉంటాయి, నీరు తీసిన వేళ వెళితే పీతలూ బురద చేపలూ కనిపిస్తాయి. దోమల మందు రాసుకోవడం మరిచిపోవద్దు. పడవవాళ్లతో మాట కలిపి, చేపముల్లు కాలువలు ఎక్కడున్నాయో అడిగి చూడండి.